పద్నాలుగు ఐస్ లాంతర్లు, ఒక పగిలిన బకెట్ (మా ఇంటి మంచు రోజుల ప్రాజెక్టు డైరీ)

రోజు 0

నిజానికి ఇది లాంతర్ల ప్రాజెక్టుగా మొదలవలేదు. నోట్‌బుక్‌తో మొదలైంది. ఆ నోట్‌బుక్ నాలుగో రోజుకే మూలనపడింది. ఆ కథ ముందు రెండు ముక్కల్లో చెప్పకపోతే తర్వాత వచ్చే చీటీల గొడవ అర్థం కాదు.

అమ్మా నాన్నా మా దగ్గర రెండు నెలలు ఉందామని వచ్చారు. వచ్చిన మూడో రోజు నుంచి మంచు పట్టుకుంది. నాన్నకి మంచంటే ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టి, స్పూనుతో గీకాల్సి వచ్చే పదార్థం, అంతే. మొదటి రోజంతా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నారు. రెండో రోజూ చూశారు. మూడో రోజు పొద్దున "ఇదెప్పుడాగుతుందిరా?" అన్నారు. అమ్మ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని హీటర్ పక్క నుంచి కదలడం లేదు. పిల్లలకి బడి లేదు. నేనూ మా ఆవిడా ఒకే బల్లకి చెరో చివర కూర్చుని పని చేసుకుంటూ, ఎవరి మీటింగ్‌లో పిల్లలు ఎక్కువ అరిచారో లెక్కలు తేల్చుకుంటున్నాం. ఇంట్లో ఆరుగురం, వెచ్చగా ఉండే గదులు రెండు.

అలాంటప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే ఇద్దరు సైకాలజీ ప్రొఫెసర్లు ఒక ప్రయోగం ఫలితాలు వేశారు. కొంతమంది చేత పది వారాల పాటు వారానికోసారి, తాము కృతజ్ఞతగా అనుకునేవి అయిదు దాకా రాయించారు, ఇంకొంతమంది చేత విసిగించిన విషయాలు రాయించారు. మంచివి రాసినవాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. సరే, మనమూ రాద్దాం అన్నాను. వాళ్లది వారానికోసారి, నేనేమో అత్యాశకి పోయి రోజూ అన్నాను. అక్కడే దెబ్బతిన్నాం.

మొదటి రోజు అందరూ బుద్ధిగా రాశారు: ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం. రెండో రోజు మళ్లీ ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం. మూడో రోజు చిన్నాడు (అయిదేళ్లు) తన బొమ్మ లారీ పేరు అయిదుసార్లు చెప్పి రాయమన్నాడు, నిజం చెప్పాలంటే మా అందరిలోకీ వాడే కాస్త మనసుపెట్టి చెప్పాడు. నాలుగో రోజు నాన్న నోట్‌బుక్ నా ముందుకు తోసి, "నిన్న రాసిందే రాసుకో, నేను సంతకం పెడతా" అన్నారు. హాజరుపట్టీలా.

అక్కడితో అది అయిపోయింది.

రోజు 1

లాంతర్ల ఆలోచన పాపది (తొమ్మిదేళ్లు). బయట మర్చిపోయిన మొక్కల నీళ్ల డబ్బా గడ్డకట్టి, దాని ఆకారంలోనే ఊడి వచ్చింది. దాన్ని లోపలికి మోసుకొచ్చి టార్చి వెనక పెట్టి చూపించింది. అంచుల దగ్గర అద్దంలా ఉంది, మధ్యలో మాత్రం తెల్లగా మబ్బు కమ్మినట్టు. "దీనికి మధ్యలో బొక్క ఉంటే దీపం పెట్టచ్చు కదా తాతయ్యా?" అంది. నన్ను అడగలేదు, తాతయ్యనే అడిగింది. ఆయన ముప్పై నాలుగేళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేసిన మనిషి, వెలుగుకి సంబంధించిన ప్రశ్నలన్నీ ఆయన శాఖే అని పిల్లలు తేల్చేసుకున్నారు.

పద్ధతి చాలా సులువు. బకెట్ నిండా నీళ్లు పోసి బయట పెట్టాలి. నీళ్లు పైనుంచీ పక్కల నుంచీ గడ్డకడతాయి, మధ్యలో చివరిదాకా నీళ్లుగానే ఉంటాయి. గోడ చాలినంత మందం కాగానే తిరగేసి, మధ్యలో మిగిలిన నీళ్లు పారబోస్తే లోపల ఖాళీ ఉన్న ఐస్ కుండ మిగులుతుంది. పైనుండే మందమైన పొర తిరగేశాక అడుగవుతుంది. బకెట్ అడుగు వైపు గడ్డకట్టకుండా ఉంటే, అదే లాంతరు మూతి.

(మధ్యలో ఒక మాట. మనకి పొగమంచూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. ఈ డైరీలో పైనుంచి పడేదాన్ని మంచు అనీ, బకెట్లోదాన్ని ఐస్ అనీ రాస్తున్నాను. ఇంట్లో కూడా మూడో రోజుకి అందరం అలాగే అలవాటుపడ్డాం.)

రెండు పదిలీటర్ల బకెట్లు నింపాం. ఒకటి నేను మెట్ల మీద పెట్టాను. రెండోదాన్ని పాప మంచులో గొయ్యి తీసి, మెడదాకా పూడ్చి, పైన కూడా మంచు కప్పింది, "చుట్టూ చల్లగా ఉంటే తొందరగా కడుతుంది" అని. వినడానికి సబబుగానే ఉంది. నేనూ అవునన్నాను.

రాత్రి మైనస్ 6.

రోజు 2

పాప బకెట్లో పైన ఒక చిన్న పొర తప్ప అంతా నీళ్లే. మెట్ల మీద పెట్టినదానికి మాత్రం గోడ కట్టింది.

పాప మొహం మాడిపోయింది. అప్పటిదాకా హీటర్ పక్క నుంచి ఒక్క మాట కూడా మాట్లాడని అమ్మ, "దుప్పటి కప్పి పడుకోబెడితే చలెలా వేస్తుందే?" అంది.

అదే అసలు సంగతి. కొత్తగా పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ గాలి మంచు రేకుల మధ్య ఇరుక్కుని కదలదు, కదలని గాలి వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు, ఉన్ని స్వెట్టర్ పని చేసేదీ అందుకే. మంచులో పూడ్చిన బకెట్‌కి నేల నుంచి వచ్చే కాస్త వెచ్చదనం దక్కింది, పైనున్న మైనస్ 6 గాలి తగలలేదు. రెండు స్వెట్టర్లు వేసుకున్న మనిషే ఈ సంగతి ముందు కనిపెట్టడంలో వింతేం లేదులెండి.

ఇక మెట్ల మీద బకెట్ సంగతి. తిరగేసి, ఊడి రావడానికి గోరువెచ్చని నీళ్లు బయట పోశాను. జారి వచ్చింది, కానీ నా చేతుల్లోనే చితికిపోయింది. గోడ మందం ఒక సెంటీమీటరు కూడా లేదు, గుడ్డు పెంకులాగ. నీళ్లన్నీ నా సాక్సుల్లోకి. చిన్నాడు ఎంత నవ్వాడంటే, వాడి కోసమైనా ఇంకోసారి చెయ్యాల్సిందే అనిపించింది.

రోజు 3, 4

మార్పులు మూడు. బకెట్ కింద థర్మోకోల్ ముక్క పెట్టాం, అడుగు వైపు గడ్డకట్టకుండా ఉండడానికి. చుట్టూ ఉన్న మంచు శుభ్రంగా తీసేశాం, గాలి తగలాలి కదా. మూడోది, తొందరపడకుండా ఇరవై గంటలు వదిలేశాం. రాత్రి మైనస్ 12 దాకా పోయింది, అది మా అదృష్టం.

మూడు సెంటీమీటర్ల గోడ! పాప స్కేలు పెట్టి కొలిచింది, ఒకవైపు 3.1, ఇంకోవైపు 2.8. గాలి వీచే వైపు మందం ఎక్కువ. నాన్న ఆ రెండు అంకెలూ చూసి, నాలుగో రోజు మూలనపడేసిన నోట్‌బుక్ తెప్పించుకుని, వెనకవైపు నుంచి ఒక పట్టిక గీశారు. తేదీ, రాత్రి ఉష్ణోగ్రత, గంటలు, మందం, వ్యాఖ్య. మొదటి వ్యాఖ్య: "బాగుంది. మూతి వంకర."

ఇంకో ముచ్చట. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అందులో కరిగి ఉన్న గాలిని పక్కకి నెట్టేస్తాయి, ఆ గాలంతా చివర్లో గడ్డకట్టే మధ్యభాగంలోకి చేరి బుడగలవుతుంది. ఐస్ ముక్క మధ్యలో తెల్లగా కనిపించేది అదే. మేము ఆ మధ్యభాగాన్ని గడ్డకట్టక ముందే పారబోస్తున్నాం కాబట్టి మిగిలిన గోడ గాజులాగ ఉంటుంది. నీళ్లు మరగబెట్టి పోస్తే ఇంకా తేటగా వస్తుందేమోనని ఒకసారి చూశాం, పెద్ద తేడా లేదు, గ్యాసు దండగ.

సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి మెట్ల మీద పెట్టాం. అమ్మ శాలువాతో గుమ్మం దాకా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి బయటివైపు అదే మొదటిసారి.

పావుగంటలో కొవ్వొత్తి ఆరిపోయింది. మంట వేడికి లోపల కరిగిన నీళ్లు చేరి ముంచేశాయి. మర్నాడు ఒక చిన్న స్టీలు గిన్నె బోర్లించి దాని మీద పెడితే రెండు గంటలు వెలిగింది. బ్యాటరీ ఎల్‌ఈడీ కూడా వాడి చూశాం, చలికి బ్యాటరీలు నీరసపడి తొందరగా డల్ అయిపోయాయి. పైగా నాన్న తీర్పు, "అది వెలుగే గానీ దీపం కాదు."

రోజు 5

ఎర్ర లాంతరు కావాలని పాప గొడవ. తినే రంగు ఒక మూత నిండా కలిపాం. బకెట్లో నీళ్లు చక్కటి ఎరుపు. ఇరవై రెండు గంటల తర్వాత తిరగేస్తే గోడ దాదాపు తెల్లగానే ఉంది, కాస్త గులాబీ ఛాయ, అంతే. మధ్యలో మిగిలిన నీళ్లు మాత్రం ముదురు ఎరుపు, పారబోస్తే తెల్లటి మంచు మీద ఏదో ఘోరం జరిగినట్టు ఒక మడుగు. చిన్నాడు భయపడి లోపలికి పరిగెత్తాడు.

కారణం గాలి విషయంలో చెప్పిందే. ఐస్ పేరుకునేటప్పుడు నీటి అణువులు తమ వరసల్లోకి ఇంకెవ్వర్నీ రానివ్వవు, రంగునీ ఉప్పునీ గాలినీ అన్నింటినీ ముందుకి తోసుకుంటూ పోతాయి. సముద్రం మీద కట్టిన ఐస్‌లో ఉప్పు తక్కువ ఉండేదీ అందుకే. పాపకి ఈ వివరణ నచ్చలేదు. ఎర్ర కాగితం చుట్టిన గాజు గ్లాసులో కొవ్వొత్తి పెట్టి లాంతర్లోకి దించింది, సమస్య తీరిపోయింది. నేను సైన్సు చెప్పాను, పాప పని కానిచ్చింది.

రోజు 6

ఇవాళ లాంతర్లు లేవు. పొద్దున ఆరున్నరకి లేచి చూస్తే గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి శుభ్రంగా ఉంది, పార గోడకి ఆనించి ఉంది, నాన్న కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి.

నేను అరిచాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అరిచాను. డెబ్బై ఒకటేళ్లు, బీపీ మాత్ర వేసుకునే మనిషి, తెల్లవారుజామున మైనస్ 9లో మంచు ఎత్తడమేంటి? చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, పైగా ఊపిరి బిగబట్టి చేతులతో బరువు ఎత్తే పని. మంచు ఎత్తుతూ గుండెపోటు తెచ్చుకునేవాళ్లు ఏటా ఉంటారు, పెద్దవయసువాళ్లనీ గుండె జబ్బు ఉన్నవాళ్లనీ ఆ పని చెయ్యొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. చూడ్డానికి దూదిలా ఉంటుంది గానీ, పొడిగా కొత్తగా పడ్డది ఘనపు మీటరుకి వంద కిలోల లోపు, తడిసి నొక్కుకుపోతే అదే మూడు వందలు దాటుతుంది. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాను.

ఆయన విని, "నువ్వు ఏడింటికి మీటింగన్నావు కదరా" అన్నారు.

అంతే. నేనింక ఏమీ అనలేకపోయాను. మధ్యాహ్నం మా ఆవిడ మధ్యవర్తిగా ఒక ఒప్పందం కుదిర్చింది. మామయ్య పార పట్టుకోరు, దారి ఎటు తియ్యాలో, మంచు ఎటు పొయ్యాలో చెప్తారు, నేను ఎత్తుతాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఇంటి బయట గోడకి ఉన్న హీటర్ పొగగొట్టం దగ్గర మంచు చేరకుండా చూడడం మాత్రం తన డ్యూటీయే అన్నారు. అది మంచి పాయింటే. ఆ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి తన్నుకొస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. చిన్న చీపురు ఒకటి ఇచ్చాం. రోజుకి మూడుసార్లు వెళ్లి చూసొస్తున్నారు.

ఆ రాత్రి పాప అడిగింది, "నోట్‌బుక్‌లో అయిదు రాయాలన్నావు కదా నాన్నా, తాతయ్య మంచు తీసింది అందులో వస్తుందా?" వస్తుందన్నాను. "మరి కుటుంబం అని రాశాం కదా, మళ్లీ విడిగా రాయాలా?"

నా దగ్గర సమాధానం లేదు. కొత్త రూలు మాత్రం పుట్టింది. ఒక చీటీ, దాని మీద ఒక మనిషి, ఆ మనిషి నిన్నట్నుంచి ఇవాళ్టి లోపల చేసిన ఒక పని. ఇంతే. ఆరోగ్యం, ఇల్లు లాంటివి రాస్తే చెల్లదు. రాసింది లాంతర్లో పెట్టాలి. రాయడానికేమీ లేకపోతే రాయక్కర్లేదు.

రోజు 7

చీటీలు ఐస్‌లో నిలబెట్టడం అనుకున్నంత తేలిక కాదు. బకెట్ నీళ్లలోనే వేస్తే అన్నీ పైకి తేలి ఒకచోట ఉండలా చేరాయి. జెల్ పెన్నుతో రాసినవి నీలంగా కారిపోయాయి. చివరికి కుదిరిన పద్ధతి: పెన్సిల్‌తో రాయాలి (పెన్సిల్ గీత నీటికి చెదరదు), చీటీని తడిపి, తయారైన లాంతరు లోపలి గోడకి రాసినవైపు బయటికి వచ్చేలా అంటించాలి. బయట చలిలోనే ఉన్న ఐస్ కాబట్టి నిమిషంలో పట్టేస్తుంది. పైన ఒక చెంచాడు నీళ్లు పామితే సన్నటి పొర కట్టి సీలు పడిపోతుంది.

దీపం పెట్టాక కాగితం వెనక నుంచి పచ్చగా వెలుగుతుంది, అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. మెట్ల మీద వంగి చదవాలి. అమ్మ కళ్లజోడు ఆవిరి పట్టి, తుడుచుకుని, మళ్లీ ఆవిరి పట్టి, మొత్తానికి చదివింది: "నానమ్మ నా సాక్సులు హీటర్ మీద పెట్టింది." చిన్నాడు చెప్తే పాప రాసింది.

అమ్మ మర్నాటి నుంచి అందరి సాక్సులూ హీటర్ మీద పెట్టడం మొదలుపెట్టింది, గ్లవ్స్ కూడా. ఇప్పుడు ఇల్లంతా అదో రకం వాసన.

రోజు 8

పొద్దుట్నుంచి ఆగకుండా పడుతోంది, గాలి లేదు. బయట ఎంత నిశ్శబ్దమంటే చెవులు మూసుకుపోయాయేమో అనిపిస్తుంది. కొత్త మంచులోని ఆ ఖాళీలు శబ్దాన్ని కూడా మింగేస్తాయి.

నాన్న నల్లటి కోటు చెయ్యి చాపి నిలబడ్డారు, పాప భూతద్దం పట్టుకుంది. ఒక్కొక్క రేకు వాలుతుంది, ఆరు చేతులు, ప్రతి చేతికీ ఈనెల్లా చిన్న కొమ్మలు, ఊపిరి తగిలితే మాయం. అరగంట అలా నిలబడ్డారు ఇద్దరూ. మూతులకి మఫ్లర్లు చుట్టుకుని, మాట్లాడాల్సి వస్తే మొహం పక్కకి తిప్పి మాట్లాడుకుంటున్నారు, రేకు కరిగిపోతుందని.

ఈ పనినే జీవితమంతా చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు, విల్సన్ బెంట్లీ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, జెరికో ఊరి రైతు. పదిహేనేళ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన మైక్రోస్కోపుతో మొదలుపెట్టి, 1885లో మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి, తన మొదటి మంచు రేకు ఫొటో తీశాడు. చనిపోయే లోపు అయిదు వేలకి పైగా తీశాడు. చలి కొట్టంలోనే, ఊపిరి బిగబట్టి. సాయంత్రం ఆ ఫొటోలు చూస్తూ అమ్మ అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "ఆ మైక్రోస్కోపు కొన్నప్పుడు వాళ్ల నాన్న ఏమన్నాడో?"

ఆరే ఎందుకు, ఏడెందుకు కాదు అని పాప అడిగింది. 1611లోనే కెప్లర్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్తకి ఇదే సందేహం వచ్చింది, దాని మీద ఒక చిన్న వ్యాసం రాశాడు గానీ చివరికి సమాధానం తేల్చలేదు. అణువుల సంగతి ఇంకా తెలియని కాలం మరి. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల వరసల్లో పేర్చుకోవడమే కారణం. 1936లో జపాన్‌లో ఉకిచిరో నకాయా అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో కుందేలు వెంట్రుక మీద మంచు రేకుని పెంచాడు, ఏ చలికి ఏ ఆకారం వస్తుందో పట్టిక వేశాడు. మైనస్ 5 దగ్గర సూదుల్లా, మైనస్ 15 దగ్గర ఇవాళ మేము చూసిన కొమ్మల రేకుల్లా. పట్టిక అనగానే నాన్న తలెత్తి చూశారు.

రోజు 9

ఒక బకెట్ పగిలింది. రెండు రోజులు మర్చిపోయాం, లోపలిదాకా గడ్డకట్టేసింది. నీళ్లు ఐస్ అయితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, ప్లాస్టిక్ ఎంతని ఓర్చుకుంటుంది. నాన్న వ్యాఖ్య: "నిర్లక్ష్యం."

రోజు 10

సాయంత్రం అయిదున్నరకి కరెంటు పోయింది. నిన్నట్నుంచి పడ్డది తడి మంచు, కొమ్మలు విరిగి తీగల మీద పడినట్టున్నాయి. ఇంధనం గ్యాసే అయినా హీటర్ ఫ్యాన్ తిరగాలంటే కరెంటు కావాలి, అదీ ఆగింది.

అందరం ఒక్క గదిలోకి చేరాం. మిగతా గదుల తలుపులు మూసి, కింది సందుల్లో తువ్వాళ్లు కుక్కి, పరుపులన్నీ తెచ్చి కింద పరిచేశాం. బొగ్గుల కుంపటి లాంటిదేదైనా లోపల పెట్టుకుందామా అని అమ్మ అడిగితే నాన్నే వద్దన్నారు, మళ్లీ ఆ మోనాక్సైడ్ భయమే. ఇంట్లో పిల్లలూ దుప్పట్లూ ఉండగా కొవ్వొత్తులు వెలిగించాలన్నా మా ఆవిడకి టెన్షన్.

అప్పుడు పాప అంది, "బయట లాంతర్లు ఉన్నాయి కదా, కిటికీ ఇటు పెడితే?"

అయిదు లాంతర్లు మోసుకొచ్చి కిటికీ బయటి గట్టు మీద వరసగా పెట్టాం. మంట బయటే, వెలుగు లోపలికి. చదువుకునేంత కాదు గానీ ఎవరి మొహం ఎవరిదో తెలుస్తుంది. ఐస్ గోడలో ఎక్కడో చిన్న పగులు ఉంటే అక్కడి నుంచి వెలుగు విరిగి, సీలింగ్ మీద ఒక సన్నటి గీత పడి, మంట ఊగినప్పుడల్లా అది కూడా ఊగుతోంది. చిన్నాడు దాన్ని చూస్తూ చూస్తూనే నిద్రపోయాడు.

తొమ్మిదింటికి అనుకుంటా, కాస్త విసుగ్గానే అన్నాను, "ఇంకా ఎంతసేపు చేస్తారు వీళ్లు?"

నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నారు. "ముందు ఎక్కడ తెగిందో వెతకాలి. చీకట్లో, ఈ మంచులో నడిచి వెతకాలి. దొరికాక రెండు వైపులా లైను ఆపించి, ఎర్తు చేసి, అప్పుడు ఎక్కాలి. తొందరపడ్డవాడు ఇంటికి వెళ్లడు" అన్నారు. కాసేపాగి, "గ్లవ్స్ తడిస్తే మాత్రం కష్టం" అన్నారు.

నా చిన్నప్పుడు గాలివాన వచ్చి కరెంటు పోయిన రాత్రులన్నీ నాకు గుర్తున్నాయి. అమ్మ, నేను, ఒక లాంతరు, గోడ మీద నీడలతో ఆటలు. ఆ రాత్రుల్లో నాన్న ఇంట్లో ఎప్పుడూ లేరు. ఎందుకు లేరో తెలుసు, తెలిసినా, ఆయన్ని ఒక స్తంభం మీద, వానలో తడుస్తూ, చేతిలో కటింగ్ ప్లయర్‌తో ఎప్పుడూ ఊహించుకోలేదు. కరెంటు రాగానే వీధంతా హే అని అరిచేవాళ్లం, ఆ అరుపు ఎవరి కోసమో ఆలోచించిన గుర్తు లేదు. ఈ మాట అమ్మతో అంటే, "నేను ఆ అరుపు విన్నాకే పడుకునేదాన్ని. అరిచారంటే ఆయన కిందికి దిగినట్టే కదా" అంది.

రెండూ నలభైకి హీటర్ గుర్రుమంది. నాన్న మెలకువగానే ఉన్నారు. వాచీ చూసుకుని, "తొమ్మిది గంటల పది నిమిషాలు. తప్పులేదు" అని అటు తిరిగి పడుకున్నారు.

రోజు 11

నాన్న చీటీ రాశారు. ఇన్ని రోజుల్లో మొదటిది. పెన్సిల్ చెక్కించుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో: "రాత్రి లైను వేసినవాళ్లకి. పేరు తెలియదు."

రూలు ప్రకారం మనిషి పేరుండాలి అని పాప అభ్యంతరం చెప్పింది. చర్చ జరిగింది. చెల్లుతుందని తేలింది.

నేనూ ఒకటి రాశాను. ముప్పై ఏళ్ల నాటి పని, నిన్నట్నుంచి ఇవాళ్టి లోపలిది కాదు, కాబట్టి రూలు ప్రకారం చెల్లదు. ఎవరికీ చూపించకుండా వెనకవైపు లాంతర్లో, రాసినవైపు లోపలికి తిప్పి అంటించేశాను.

రోజు 12 నుంచి 17

పెద్దగా రాయడానికేమీ లేదు. రోజుకొకటో రెండో లాంతర్లు తయారవుతున్నాయి, మొత్తం పద్నాలుగు. బెలూన్లలో నీళ్లు నింపి మంచు మీద పెడితే గుండ్రటివి వచ్చాయి, కింది వైపు (మంచు మీద ఆనిన వైపు) పల్చగా ఉండి నీళ్లు ఒంపడానికి వీలుగా ఉంది, ఇది చిన్నాడి చేతికి సరిపోయే సైజు. అమ్మ ఇప్పుడు రోజుకి రెండుసార్లు బయటికి వస్తోంది, ఒకసారి వెలిగించడానికి, ఒకసారి ఆర్పడానికి. నాన్నకి గ్లవ్స్ బిగుతుగా ఉన్నాయని మా ఆవిడ పెద్ద సైజు తెచ్చింది, మర్నాటి చీటీ: "కోడలు. గ్లవ్స్. వేళ్లు ఆడుతున్నాయి."

చీటీలు రాయని రోజులు కూడా ఉన్నాయి. పదిహేనో రోజు నేనూ మా ఆవిడా ఏదో చిన్న విషయానికి పోట్లాడుకుని ఇద్దరం రాయలేదు. పాప రెండు ఖాళీ కాగితాలు అంటించి దీపం పెట్టింది.

రోజు 19

ప్లస్ 4, ఎండ. మెట్ల మీదివన్నీ ఒక్క మధ్యాహ్నంలో కూలిపోయాయి, ముందు మూతి అంచులు గుండ్రబడి, తర్వాత గోడకి కిటికీలా బెజ్జం పడి, పక్కకి ఒరిగాయి. చీటీలు తడి మెట్లకి అతుక్కుని ఉన్నాయి. పాప ఏరి హీటర్ మీద, సాక్సుల పక్కన ఆరబెట్టింది. పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు.

వెనకవైపుది ఏరింది నేను కాదు. రాత్రి చూస్తే నోట్‌బుక్‌లో పట్టిక పేజీ మధ్యలో నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ వరసలో వ్యాఖ్య గడి ఖాళీగా వదిలేశారు.

తర్వాత

అమ్మా నాన్నా వెళ్లి పన్నెండు రోజులైంది. ఇంటికి ఉత్తరం వైపు, ఎండ తగలని మూల పెట్టిన ఒక లాంతరు మాత్రం ఇంకా ఉంది. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే, "ఎంత మిగిలిందిరా?" నేను స్కేలు తీసుకుని బయటికి వెళ్లి కొలిచి చెప్పాలి, ఆయన అక్కడ రాసుకుంటారు, నోట్‌బుక్ తనతోనే పట్టుకెళ్లారు. సోమవారం 11 సెంటీమీటర్లు. గురువారం 7.

ఇవాళ 4.5 అని చెప్పాను.

"చేతికి గ్లవ్స్ ఉన్నాయా?" అన్నారు.

లేవు. ఉన్నాయని చెప్పాను.